ఐసు ఫ్యాక్టరీ సందులో లేని జాయింటు

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనక సందు... చీకటి పడితే అక్కడ కుక్కయినా కాలెత్తదు. వాన పడ్డ రాత్రుల్లో భూమిలోంచి ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు. చిట్... చిట్... ఆ వెంటనే వీధి వీధంతా చీకటి.

రాగి కోసం కేబుల్ కోయబోయి గోతిలో మాడిపోయిన జాయింటరే — కేబుళ్లు అతికే పనివాడే — దెయ్యమై తీగ కొరుకుతున్నాడని జనం మాట. ముందుగా ఆ మాట అన్నది లైను మేస్త్రీ. ఇక అక్కడ గడ్డపార దించే మొనగాడే లేకపోయాడు. ఎండ కాస్తే కరెంటు దానంతట అదే వచ్చేది, సరిపెట్టుకునేవాళ్లు.

ఆ పోయినవాడి తమ్ముణ్ణే ఊళ్లో పాముచెవులు అనేవాళ్లు. భూమిలో కేబుల్ ఎక్కడ చెడిందో యంత్రంతో పట్టడంలో వాడిని మించినవాడు పుట్టలేదు, పుట్టబోడు. ఇక్కడ తీగ తుమ్మితే ఏడు వీధుల అవతల వాడు ‘చిరంజీవ’ అనేవాడంటే నమ్మండి. అంతటివాడూ ఆ సందు తొక్కలేదు. ఇంట్లో వదిన ఉంది. ఆమె బజారుకెళితే ‘రాగి దొంగ పెళ్లాం’ అన్న మాట ఆమె కన్నా ముందే వెళ్లేది.

ఒక వాన రాత్రి ఆసుపత్రికి కరెంటు పోయింది. ఇక వాడికి తప్పలేదు.

లైను ఆపించి, స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే వేసుకున్నాడు — అన్న గతి చూసినవాడు మరి. యంత్రం తగిలించి తీగలోకి ఒక చిన్న కరెంటు అల పంపాడు. తీగ చెడిన చోటు తగలగానే అది గోడకు కొట్టిన బంతిలా వెనక్కొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూస్తే ఎంత దూరమో తెలుస్తుంది. తెర మీద గీత లేచి పడింది...

సరిగ్గా అన్న పోయిన చోటే.

“మలుపు దగ్గర తవ్వుదాం తమ్ముడూ,” వెంట వచ్చిన లైను మేస్త్రీ గొంతు తగ్గించాడు. “ఇక్కడ జాయింటే లేదు. వాడు... ఊరుకోడు.”

“ఊరుకోకపోతే మరీ మంచిది. పలకరించి చాలా కాలమైంది.”

తవ్వారు. బురద కింద గడ్డపార మెత్తగా దేనికో తగిలింది.

జాయింటు... లేదన్న జాయింటు. నీళ్లు దిగి మసిబారింది. ఇన్నాళ్లూ పళ్లు కొరికింది అదే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. తీగ కోసేవాడు తీగ అతకడు కదా — అన్న దొంగతనానికి దిగలేదు, పనిలోనే పోయాడు. వదినకు రేపు పొద్దున్నే చెప్పాలనుకున్నాడు.

వెలుగు చాలక, టార్చి పట్టుకున్న మేస్త్రీ చేతిని దగ్గరకు లాక్కుని బురద తుడిచాడు.

సగం దాకా టేపు ఎడమచేతి వాటంగా చుట్టి ఉంది. తన అన్నది ఎడమచేతి వాటమే. అక్కడ ఆగింది... ఆపైన చుట్టు తిరగబడింది. కుడిచేతి వాటం. హడావిడి చుట్టు. టేపు కొస చిన్న చెవిలా మడిచి ఉంది.

అచ్చం అలాంటి చెవే, పగిలిన టార్చికి మేస్త్రీ చుట్టుకున్న టేపు మీద.

పాముచెవులు తలెత్తలేదు.

“మేస్త్రీ... మా అన్నను పైకి తీశాక చుట్టావా? తీయకముందేనా?”

మేస్త్రీ టార్చి ఆర్పేశాడు.