నీళ్లు పెంచుకున్న రోజులు

“ఇంత పెద్ద ట్యాంకు కదా సార్, నెలన్నర సైక్లింగ్ తప్పదు. ఆ తర్వాతే చేపలు.”

ఫోనులో అవతలి అమ్మాయి అన్నది ఇంతే. ఇందులో కోపం తెప్పించే మాట ఒక్కటీ లేదు. కానీ మా ఇంట్లో ‘ట్యాంకు’ అంటే నాన్న పొట్ట. “ట్యాంకు నిండిందా, ఇంకాస్త పడుతుందా?” అని అమ్మ రోజూ భోజనాల దగ్గర అడిగేది. ఆ ఇంటిగుట్టు చేపల షాపు దాకా ఎలా పాకిందో నాన్నకు అంతుపట్టలేదు.

“నా ట్యాంకు సంగతి నీకెవరమ్మా చెప్పింది?” అని రిసీవర్‌లోకి గర్జించారు.

“మీరే కదండీ! ఐదడుగులని...”

“ఐదడుగులా? నాదా?”

“అవునండీ. లోపల బాక్టీరియా బాగా పెరగాలి. అప్పటిదాకా ఓపిక పట్టాలి.”

నాన్న ఫోను దభాలున పెట్టేసి, సందులో తుప్పు పట్టిన సైకిలు వైపు ఒకసారి, పొట్ట వైపు ఒకసారి చూసుకుని కుర్చీలో కూలబడ్డారు.

ఇదంతా సెల్‌ఫోన్లు లేని రోజుల సంగతి. అప్పుడు నాకు నిండా జుట్టుండేది, నడుముండేది, వాటిని చూసుకోవడానికి గోడకి అద్దమూ ఉండేది. ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని. ఊళ్లో వాళ్ల తప్పులన్నీ దిద్ది, నా తప్పులకి జీతం తెచ్చుకునేవాణ్ణి. నాన్న సర్వేయరు. ఆఫీసు గొడవల్లో ఆయన బీపీ హద్దురాళ్లు దాటింది. రోజూ కాసేపు చేపల్ని చూస్తూ కూర్చోమన్నాడు డాక్టరు. ఇంకొకళ్లయితే చిన్న గాజు గిన్నె కొనేవారు. నేల కొలిచే మనిషి కదా, నాన్న హాలు గోడని కొలిచి, ఐదడుగుల తొట్టికి ఆర్డరిచ్చారు.

మర్నాడు తొట్టి వచ్చింది. నలుగురు మనుషులు మోసుకొచ్చారు. వెనకాల చేతిలో ఫిల్టర్ పట్టుకుని ఒక అమ్మాయి. షాపాయన కూతురు.

“ఫోన్లో నా పొట్టనన్నది నువ్వేనా?” నాన్న గుమ్మంలోనే అడ్డుకున్నారు.

ఆమె ఆయన పొట్ట వైపు చూసింది. తొట్టి వైపు చూసింది. విషయం అర్థమై పెదవి కొరుక్కుంది.

“కాదండీ,” అంది వినయంగా. “మాది ఇంకాస్త పెద్దది.”

నేను పక్క గదిలోకి పరిగెత్తి, దిండులో మొహం పెట్టి నవ్వాను. తిరిగొచ్చేసరికి నాన్న కూడా నవ్వుతున్నారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వకుండా స్టాండు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి మట్టం చూస్తోంది. అందులో బుడగ కాస్త ఎడమకి జరిగింది. నా గుండె కూడా అటే కదా ఉండేది, అదీ జరిగింది.

అమ్మ ఈ ముచ్చట్లేవీ వినలేదు. వాకిట్లో మనుషుల అడుగుల మురికి కడుగుతోంది. మా అమ్మ సబ్బుని కూడా ఒకసారి కడిగి వాడే మనిషి.

తొట్టికి నీళ్లు పట్టాక ఆ అమ్మాయి నాకూ నాన్నకూ విడమరచి చెప్పింది. చేపలు వదిలే మలినం నీళ్లలో విషమవుతుంది. ఆ విషాన్ని తిని బతికే సూక్ష్మజీవులుంటాయి. అవి ఫిల్టర్‌లో ఉన్న స్పాంజిలో కాపురం పెట్టి, పిల్లాపాపలతో వర్ధిల్లాలి. దానికి నెలన్నర. దాన్నే సైక్లింగ్ అంటారు.

“రోజూ చిటికెడు మేత వెయ్యండి. కుళ్లనివ్వండి. స్పాంజి గోధుమరంగులోకి మారుతుంది, ముట్టుకోకండి. పంపునీళ్లు తగిలితే అవి చచ్చిపోతాయి. వారం వారం వచ్చి నేనే టెస్టు చేస్తాను.”

“ఈలోగా రెండు చేపలు...” నాన్న బతిమాలారు.

“మా నాన్న ఒప్పుకోరండీ. నీళ్లు సిద్ధంకాని ఇంటికి చేపనివ్వరు.”

అలా మేం నీళ్లు పెంచుకోవడం మొదలుపెట్టాం. హాల్లో లైటు వెలుగుతూండేది, బుడగలు వస్తూండేవి, రాళ్ల మధ్య ఎవరూ ఉండేవారు కాదు. నాన్న రోజూ ఎదురుగా కుర్చీ వేసుకుని ఆ ఖాళీ నీళ్లనే చూసేవారు. ఎదురింటాయన తొంగిచూసి, “బాగా పెరిగాయండీ మీ నీళ్లు. ఏం మేత వేస్తున్నారు?” అనేవాడు. తగ్గాల్సిన బీపీ ఆ దెబ్బకి ఇంకో మెట్టెక్కేది.

ఆదివారం వచ్చేది. ఆదివారంతో పాటు ఆమె వచ్చేది.

చిన్న గాజుగొట్టంలో తొట్టి నీళ్లు తీసి, సీసాలోంచి మందు చుక్కలు చుక్కలుగా వేసేది. గొట్టానికి మూతపెట్టి ఊపి, అట్టముక్క మీద రంగుల పక్కన నిలబెట్టేది. ఐదు నిమిషాలు ఆగాలి. పసుపు రంగొస్తే పాస్. ఆకుపచ్చ వస్తే ఫెయిల్. లోకమంతా పచ్చజెండా ఊపితే పొమ్మని అర్థం. మా ఇంట్లో మాత్రం ఆగమని.

నేను మనసులో ఆమెకి ‘చుక్కలమ్మాయి’ అని పేరు పెట్టుకున్నాను. చుక్కలు వేస్తుందని కొంత. చుక్కలా ఉంటుందని మిగతాది.

“ఈ ఐదు నిమిషాలూ మామూలుగా ఏం చేస్తారు?” మొదటివారం అడిగాను.

“ఇంటివాళ్లు అడిగే పిచ్చి ప్రశ్నలకి జవాబు చెప్తాను.”

“అయితే నాదొకటి. మీకు చేపలంటే ఇష్టమా?”

“ఇష్టమే. చేపలు పెంచేవాళ్లంటేనే విసుగు.”

“అమ్మయ్య! మేమింకా పెంచట్లేదుగా.”

గొట్టంలో రంగు మారింది. ఆమె మొహంలో కూడా కాస్త మారింది. కానీ దాన్ని పోల్చిచూడ్డానికి నా దగ్గర అట్టముక్క లేదు.

“మీరేం చేస్తుంటారు?”

“ప్రూఫులు చూస్తాను.”

“దేనికి ప్రూఫ్?”

“దేనికీ ఉండదు. అదే మా ఉద్యోగం.”

ఆ రోజునుంచి నేను ‘ప్రూఫ్‌గారి’నయ్యాను.

ఒక ఆదివారం పెద్ద వాన. గొడుగు తిరగబడి పువ్వులా విచ్చుకుంది, ఆమె దాని కాడలా నిలబడి గుమ్మంలో చినుకులు విదిలించుకుంటోంది. అమ్మ ఒక చేత్తో తువ్వాలు ఇచ్చి, రెండో చేత్తో ఆమె నడిచిన దారంతా తుడిచింది. ఇంక ముందుకి రానని ముక్కు మూసుకుని వంటింట్లోకి పోయింది. మేత కుళ్లడం మొదలైనప్పటినుంచి ‘ఆ కంపుతొట్టి’ దగ్గరికి రానని అమ్మ ఒట్టు పెట్టుకుంది.

చుక్కలమ్మాయి వంగి మందు వేస్తూంటే, తడిసిన జడ చివరనుంచి ఒక చినుకు సరిగ్గా గొట్టంలో పడింది.

“అయ్యో! పాడైపోయింది. మళ్లీ మొదటినుంచి చెయ్యాలి.”

“అంటే ఇంకో ఐదు నిమిషాలా?”

“ఏం, ప్రూఫ్‌గారికి తొందర పనుందా?”

“నాకా? ఇంకో చుక్క పడినా నేనేం అనుకోను.”

ఆమె జడ ముందుకు వేసుకుని, వేళ్లతో పిండింది. నా వైపు చూసి పిండిందో, నన్నే పిండిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నెలన్నర అయింది. ఆకుపచ్చ. ఇంకో రెండు వారాలు చూశాం. ఆకుపచ్చ. నాన్న కుర్చీ తొట్టి వైపునుంచి కిటికీ వైపు తిరిగిపోయింది. ఎదురింటాయన, “షాపువాడు మీకు పనికిరాని సరుకు అంటగట్టాడండీ,” అని మాకు చెప్పడమే కాక వీధివీధికీ చెప్పాడు. ఆ మాట షాపుకీ చేరింది. ఆ తర్వాత ఆమె పోల్చేటప్పుడు నవ్వడం మానేసింది.

ఒక శుక్రవారం సాయంత్రం దారిలో పనుందని ఇంటికొచ్చింది. టెస్టు చేసింది. పసుపు! ఎక్కడో పచ్చ ఛాయ లీలగా ఉందంతే.

“అయిపోయినట్టే! ఆదివారం నాన్నని తీసుకుని చేపలతో వస్తాను!” అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

నేను కూడా కొడదామనుకున్నాను. చేతులు లేవలేదు.

“చేపలొచ్చేస్తే... ఇక మీరు రారా?”

ఆమె సీసా మూత బిగిస్తూ తల దించుకుంది. “చేపలొచ్చాక నాకిక్కడ పనేముంటుంది?” అని మెల్లగా అని వెళ్లిపోయింది.

ఆదివారం షాపాయన రెండు చేతుల్లో నీళ్లసంచులతో దిగాడు. సంచుల్లో ఎర్రవీ నల్లవీ చేపలు గిరగిరా తిరుగుతున్నాయి. నాన్న కుర్చీ మళ్లీ తొట్టి వైపు తిరిగింది. చుక్కలమ్మాయి చుక్కలు వేసింది. ఐదు నిమిషాలు అందరం గొట్టాన్నే చూశాం.

చిక్కటి ఆకుపచ్చ.

ఆమె తలెత్తలేదు. తిన్నగా వెళ్లి ఫిల్టర్ మూత తీసి, స్పాంజి బయటకు లాగింది. అది గోధుమరంగులో ఉండాలి. తెల్లగా, మెత్తగా, కొత్త దిండులా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సబ్బు వాసన.

“దీన్ని కడిగారు,” అంది నా వైపు చూసి.

“నేను కాదు.”

“మరెవరు? చేపలా? ఇంకా సంచిలోనే ఉన్నాయిగా!”

“నిజంగా నేను...”

“స్పాంజి ముట్టుకోకూడదని చెప్పింది మీకూ అంకుల్‌కీ. అంకుల్ చేపల కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. ఇక మిగిలిందెవరు? శుక్రవారం మీరేమడిగారో గుర్తులేదా?”

నాకు గుర్తుంది. ఆ అడగడమే నామీద ప్రూఫై కూర్చుంది. ఎదురుగా అన్ని నీళ్లుండగా నేను విడిగా నీళ్లు నమిలాను.

“మా నాన్నది పనికిరాని సరుకని వీధంతా అంటున్నారు. మీకేమో ఇది సరదా.” ఆమె కళ్లు తుడుచుకుంది. “నేను రావాలనుంటే రమ్మని అడగొచ్చుగా. వచ్చేదాన్నేమో.”

షాపాయన సంచులు కింద పెట్టలేదు. “పదమ్మా. ఈ ఇంటికి చేపలూ వద్దు, నువ్వూ రావద్దు.”

“ఏమయ్యా, మావాడు అబద్ధమాడడు!” నాన్న లేచారు.

“అయితే మీరాడుతున్నారా సార్?”

“హద్దు దాటకు!”

“మీరు సర్వేయరు కదా, హద్దెక్కడుందో మీరే చూపించండి!”

ఈ గోలకి అమ్మ కాఫీ ట్రేతో బయటకొచ్చింది. అందరి మొహాలూ చూసింది. చుక్కలమ్మాయి చేతిలో ఉన్న స్పాంజిని చూసి అమ్మ మొహం విప్పారింది.

“చూశావా అమ్మాయీ, ఎంత తెల్లగా ఉందో! వీళ్లిద్దరూ ఆఫీసులకి వెళ్లాక, ప్రతి శనివారం నేనే సబ్బు పెట్టి ఉతికి ఎండలో ఆరేస్తున్నాను. అబ్బ, ఏం జిడ్డు, ఏం కంపు! ఎన్నిసార్లు ఉతికినా వారానికల్లా మళ్లీ అదే మురికి!”



“దగ్గరికి రానని ఒట్టు పెట్టుకున్నావుగా!” అన్నారు నాన్న నీరసంగా.

“మురికిని చూస్తూ ఎలా ఊరుకోనండీ? ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉతికాను.”

చుక్కలమ్మాయి ట్రే అందుకుని పక్కన పెట్టి, అమ్మ చేతిలో స్పాంజిని ఉంచింది. “ఆంటీ, అది మురికి కాదు. నీళ్లని బాగుచేసే జీవులకి అదే ఇల్లు.”

“ఇల్లయితే మరీ శుభ్రంగా ఉండాలిగా!”

“ఉండాలి. కానీ గుమ్మంలో చెప్పులు, తీగమీద బట్టలు, కుర్చీలో మడతపెట్టని పేపరు... ఇవన్నీ ఉంటేనే కదా ఆంటీ, ఇంట్లో మనుషులున్నారని తెలిసేది? మొత్తం కడిగేస్తే ఇంకెవరూ ఉండరు.”

అమ్మ ఆ తెల్లటి స్పాంజిని అటూ ఇటూ తిప్పి చూసింది. “అయ్యో, వారం వారం ఊరికి ఊరే ఖాళీ చేయించానే!” అంది. పిల్లని ఊరుకోబెట్టినట్టు దాన్ని రెండుసార్లు నిమిరింది కూడా.

షాపాయన సంచులు కింద పెట్టాడు. నాన్న కుర్చీ చూపించారు. చుక్కలమ్మాయి నా వైపు తిరిగి, “సారీ, ప్రూఫ్‌గారూ,” అంది. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

ఎక్కణ్ణించి వచ్చిందో ఆ ధైర్యం. “నేను కడగలేదు,” అన్నాను అందరి ముందూ. “కానీ ఆ ఉపాయం నాకే తట్టి ఉంటే వారానికి రెండుసార్లు కడిగేవాణ్ణి.”

“అంటే?” అన్నాడు షాపాయన.

“అంటే ఏముందయ్యా, నేను చెప్తా,” అన్నారు నాన్న, అప్పటికప్పుడు వకీలు అవతారమెత్తి. “సెలవురోజు మధ్యాహ్నం దాకా లేవనివాడు, మీ అమ్మాయి రావడం మొదలెట్టాక పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నాడు. ఇన్నాళ్లూ మా హాల్లో పెరిగింది నీళ్లొక్కటే కాదు.”

“ఆ సంగతి నాకెప్పుడో తెలుసు,” అంది అమ్మ. “కాఫీ పెట్టడానికి అంతసేపు పడుతుందా ఎవరికైనా? వంటింట్లో ఊరికే నిలబడి, ఆ ఐదు నిమిషాలూ అయ్యాక తెచ్చేదాన్ని.”

షాపాయన కూతురి వైపు చూశాడు. ఆమె చేపల్ని చూస్తోంది. నిజానికి చేపలున్నది ఇటువైపు. ఆమె చూస్తున్నది గోడని.

“నీళ్లు సిద్ధంకాని ఇంటికి నేను చేపనివ్వను,” అన్నాడాయన గొంతు సవరించుకుని. “అమ్మాయి సంగతి కూడా అంతే. స్పాంజి పెట్టండి. మళ్లీ మొదటినుంచి. ఇంకో నెలన్నర.”

“ఇంకో నెలన్నరా!” నాన్న కుర్చీలో కూలబడ్డారు. అమ్మ నెత్తి కొట్టుకుంది. కిటికీలోంచి అంతా వింటున్న ఎదురింటాయన కూడా ఉసూరుమన్నాడు.

మేమిద్దరం తప్ప.

“ప్రతి ఆదివారం రావాలి మరి,” అంది చుక్కలమ్మాయి, ఎటో చూస్తూ.

వచ్చింది. ఒక ఆదివారం వచ్చి ఇక వెళ్లలేదు. ఆ నెలన్నర ఇంకా అవుతూనే ఉంది.