మూత వేయని పుట్ట

వినండి తల్లులారా, అయ్యలారా, దేవుని చల్లని చూపు మనందరి మీదా ఉండాలి. మాంసం ముట్టని తపస్సుకాలపు శుక్రవారం, మిట్టమధ్యాహ్నం. మెస్కిటాల్ లోయలో గాలి కూడా కదలడం లేదు. కిత్తనార మొక్క మొదలు దగ్గర రుఫీనా బకెట్ పట్టుకుని నిలబడింది. మొగుడు సెవెరో చీమల పుట్ట తవ్వుతున్నాడు, కూర వండుకునే, సంతలో మంచి ధర పలికే గుడ్ల కోసం.

ఆ పుట్ట వాళ్ళది కాదు. పోయినేడు కన్నుమూసిన పొరుగింటి దొనాతోది. ఏటా సగం గుడ్లే తీసి, పైన ఎండిన నాగజెముడు పరిచి, గడ్డి కప్పి, బిడ్డలా సాకాడు. పోతూ పోతూ సెవెరో చేత సిలువ మీద ఒట్టు వేయించాడు: “ఇది నా భార్యకి అన్నం పెట్టే పుట్ట. దీని జోలికి రాకు తమ్ముడూ.”

“మొత్తం తోడెయ్,” అంది రుఫీనా.

“కాసిని వదలొద్దటే? పుట్ట చచ్చిపోతుంది.”

“చస్తే దొనాతో లేచొచ్చి ఏడుస్తాడా? తోడవయ్యా!”

తోడేశాడు. బియ్యపు గింజల్లాంటి తెల్లటి గుడ్లు, చివరి పిడికిలిదాకా. పుట్ట ఎండకి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

చర్మం ఊడేలా కరిచే జాతి అది. ఒక్క చీమా కరవలేదు. సెవెరో మెడ మీదికి, మొహం మీదికి పాకి... మీసాలతో తడిమి... దిగిపోయాయి.

పక్కనే నాలుగు చీమలు ఇంకోదాన్ని మోసుకుపోతున్నాయి. దాని కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

“అది బతికే ఉందిగా?”

“చావు వాసన, ఆ పాత నూనె కంపు, అంటితే అంతేనే. బతికున్నా శవాల గుట్టలో పడేస్తాయి,” అని నవ్వాడు సెవెరో.

ఇంటికొచ్చారు. గడప దాటగానే రుఫీనాకి గుప్పుమంది. పాతబడ్డ నూనె కంపు. మొగుడి వైపు చూసింది.

అయ్యో... చచ్చిపోయాడే!

ఏడుస్తూ, శవాన్ని పడుకోబెట్టే చోట నేల మీద సున్నంతో సిలువ గీసింది.

“పిచ్చెక్కిందా నీకు?” అన్నాడు సెవెరో.

“పడుకోవయ్యా,” అంది మెల్లగా. “పోయినవాళ్ళు మాట్లాడకూడదు.”

ఇరుగుపొరుగు వచ్చారు. ముక్కుపుటాలు అదిరాయి. టోపీలు తీశారు. సమాధుల తోటకి ఎత్తుకుపోయారు. సెవెరో తన్నాడు. కొరికాడు. “బతికున్నానురా... రుఫీనా, నువ్వన్నా చెప్పవే!”

ఫాదర్ గారు పవిత్ర జలం చిలకరించి, “ఎంత ప్రశాంతంగా ఉన్నాడో,” అన్నారు.

గోతిలో మట్టి మోకాలెత్తు పడ్డాక అరుపు ఆగింది.

ఇంటికొచ్చి రుఫీనా చేతులు కడుక్కుంది. సబ్బుతో. బూడిదతో. మళ్ళీ సబ్బుతో... కంపు పోలేదు.

పెళ్ళైన కూతురు ఒఫేలియా తలుపు దగ్గర ఆగిపోయింది. గాలి పీల్చింది. కళ్ళనిండా నీళ్ళు.

“ఏంటే? ఏమైందే?”

ఒఫేలియా దగ్గరికొచ్చి, ఎంతో ప్రేమగా, రెండు వేళ్ళతో తల్లి కనురెప్పలు మూసింది.