చివర కుట్టిన కట్ట

"దీన్ని కుక్క పీకిందా అండీ?"

బైండింగ్ షాపు అమ్మాయి అతనితో అన్న మొదటి మాట అది. బయట వాన దంచుతోంది. గొడుగు పుస్తకానికి పట్టి తను నిలువునా తడిసి వచ్చాడు పాపం. అంతా చేసి, కౌంటర్ మీద పెట్టగానే అట్ట ఒకవైపు, కాగితాల కట్టలు ఒకవైపు జారిపోయాయి.

"కుక్క కాదండీ, స్కూటర్ మీంచి పడింది. త్వరగా కావాలి."

ఆమె ఒక కట్ట తీసి తిరగేసింది. "పేజీలకి నంబర్లు లేవేంటి?"

"రచయిత కావాలనే వెయ్యలేదు. ఇది పోస్ట్‌మోడర్న్ నవల. అమెరికాలో ఒక తరం పెద్ద రచయితలంతా..."

ఇక ఆగలేదు. కథ మధ్యలో రచయితే దూరి మాట్లాడతాడట. తాము పాత్రలమని పాత్రలకి తెలిసిపోతుందట. వాక్యం సగంలో తెగిపోతుందట. ఒక నవలకి మూడు ముగింపులు, ఇంకోదానికి అసలు ముగింపే ఉండదట.

"నంబర్లు వెయ్యడం మర్చిపోయి, కావాలనే అని చెప్పుకుంటున్నాడేమో," అంది ఆమె. అతని మొహం మాడిపోయింది.

కాలేజీలో అతన్ని అందరూ ఫుట్‌నోట్ అంటారు. టీ తాగుతావా అంటే తాగుతానని ఊరుకోడు, కింద మరో నాలుగు ముక్కలు చేర్చాలి. ఏళ్ళ తరబడి టెంపరరీ లెక్చరర్. ఇప్పుడు పర్మనెంట్ పోస్టు ఒకటి పడింది. ఈ నవల మీదే కమిటీ ముందు డెమో లెక్చర్ ఇవ్వాలి. అది పోతే వచ్చే ఏడాది ఆ కాలేజీ గేటు దాటే పని ఉండదు.

షాపు ఆమె తండ్రిది. చూపు తగ్గాక సూది కూతురికిచ్చి, ఆయన కుర్చీ తీసుకున్నాడు. అట్టలు వెయ్యడం మాత్రం ఇప్పటికీ ఎవరికీ వదలడు.

ఫుట్‌నోట్ రోజూ సాయంత్రం "అయిందా?" అని వచ్చేవాడు. కాలేదని తెలిసీ వచ్చేవాడు. ఆమె కుడుతూ కథ అడిగేది. టెలిఫోన్ ఆపరేటర్ అమ్మాయి ఒకతె, గడియారాలు బాగుచేసే అబ్బాయి ఒకడు, నవలంతా ఒకరి కోసం ఒకరు వెతుక్కుంటారు.

"చివరికి కలుస్తారా?"

"మధ్యలో ఒక్కసారి, బస్టాండులో. తర్వాత మళ్ళీ తప్పిపోతారు. చివర ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంటుంది, వాక్యం సగంలో ఆగిపోతుంది. ఈ నవలల్లో ఎవరూ కలవరండీ. కలిపి ముగించడం పాతకాలం పద్ధతి."

"మీరు చివరిదాకా చదివారా?"

ఫుట్‌నోట్ దగ్గాడు. "విమర్శలన్నీ చదివాను."

"పెళ్ళికి వెళ్ళకుండానే భోజనం బాలేదన్నట్టు."

అతను ఆ సాయంత్రం మూతి ముడుచుకుని వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, అది వేరే సంగతి.

ఇలాంటి నవలల్లో ఇక్కడ రచయిత దూరాలి కదా, నేనూ దూరుతున్నాను. నంబర్లు లేకపోయినా బైండర్‌కి వరస తెలుస్తుంది. ఒక్కో కట్ట వీపున చిన్న నల్ల గుర్తు ఉంటుంది. వరసగా పేరిస్తే ఆ గుర్తులు మెట్లలా దిగుతాయి. ఆమెకది చిన్నప్పటి ఆట. అయినా వాళ్ళిద్దరూ కలిసే ఆ బస్టాండు కట్టని మధ్యలోంచి తీసి, చివర పెట్టి కుట్టేసింది. అతను వచ్చాక చూపించి, మొహం ఎలా పెడతాడో చూసి, విప్పి సరిగ్గా కుట్టిద్దామనుకుంది.

ఆమె పిన్నిగారింటికి వెళ్ళిన రోజునే అతను వచ్చాడు. తండ్రి పుస్తకం ఇచ్చి పంపేశాడు.

"చివరిదాకా చదివే రకమా ఆయన," అని తిరిగొచ్చాక ఆమె ధైర్యం చెప్పుకుంది.

చదివాడు. ఆ పెళ్ళిభోజనం మాట ముల్లులా గుచ్చుకుని, సెలవులన్నీ కూర్చుని చివరి అక్షరం దాకా చదివాడు. కమిటీ ముందు నిలబడి, "ఈ నవలకి ముగింపు లేదని విమర్శకులంతా పొరబడ్డారు. ఆఖరి పేజీలో వాళ్ళిద్దరూ కలుస్తారు," అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు.

కమిటీలో ఉన్న డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ తన కాపీ తెరిచింది. ఆఖరి పేజీ చదివి వినిపించింది. హాల్లో వెనక బెంచీ దాకా నవ్వారు.

సాయంత్రం అతను పుస్తకం తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. "వరస తప్పిందండీ. హెడ్ మేడమ్ తన కాపీ చదివితే హాలంతా నవ్వింది. పొరపాటేనా?"

అబద్ధం ఆడితే సరిపోయేది. ఆమెకి నోరు రాలేదు. "కావాలనే పెట్టాను. మీరొచ్చాక చెబుదామనుకున్నాను."

"నాకున్నది ఆ ఒక్క పోస్టేనండీ," అన్నాడు. కింద ఏమీ చేర్చలేదు. గొడుగు కూడా మర్చిపోయి వానలో వెళ్ళిపోయాడు. ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే హెడ్ మేడమ్ గది ముందు నిలబడింది. పుస్తకం అట్ట ఒలిచి, మెట్లలో తప్పిన మెట్టు చూపించింది. "తప్పు నాది మేడమ్. ఆయనది కాదు."

మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. "మిగతావాళ్ళంతా ముగింపు లేదని ఎవరో రాసింది అప్పజెప్పారమ్మా. నేను పుస్తకం తెరిచేదాకా మా కమిటీవాళ్ళు కూడా ఇతను చెప్పినదానికి తలలూపుతూనే ఉన్నారు. ఆఖరి పేజీ దాకా చదివినవాడు ఇతనొక్కడే అని ఇప్పుడు తెలిసింది. మళ్ళీ ఒకసారి వినాలి. సోమవారం రమ్మను."

సోమవారం తర్వాత నాలుగు రోజులకి ఫుట్‌నోట్, మేడమ్ దగ్గరుండిపోయిన ఆ అట్ట ఒలిచిన పుస్తకం పట్టుకుని షాపుకొచ్చాడు. పోస్టు వచ్చిందని మొహమే చెబుతోంది. తండ్రి కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"ఎందుకు చేశారు?" అన్నాడు.

"ఆ టెలిఫోన్ అమ్మాయిని ఒక్కదాన్నే అక్కడ వదిలేసి ముడి వెయ్యడానికి చెయ్యి రాలేదు. పైగా ఎవరూ కలవరని మీరంత ధీమాగా చెబుతుంటే ఒళ్ళు మండింది." కత్తి తీసింది. "ఇటివ్వండి, విప్పి సరిగ్గా కుడతాను."

అతను పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. "విప్పకండి. కాలేజీకి ఇంకో కాపీ తెప్పించాను. ఇది ఇంట్లోకి."

"ఎవరింట్లోకి?"

"అంటే, ఇల్లు అన్న మాటని ఆ రచయితలు..."

"కింద ఫుట్‌నోట్లు వద్దు. పైన అసలు మాట చెప్పండి."

అతను గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. మనం పెళ్ళి చేసుకుందాం."

పూర్తి వాక్యం. ఆమె కత్తి కింద పెట్టేసింది. సిగ్గుతో తల దించుకుని, "సరే," అంది.

కుర్చీలోంచి దగ్గు వినిపించింది. కునుకూ లేదు, ఏమీ లేదు.

"అట్ట వేసింది నేనే బాబూ," అన్నాడు తండ్రి. "వీపున వేలు పెట్టగానే మెట్టు తప్పిందని తెలిసింది."

"మరి చెప్పలేదేం నాన్నా?"

"నీ చేతిలో ఇన్నేళ్ళలో ఒక్క కట్ట తప్పలేదమ్మా. ఇప్పుడు తప్పిందంటే తేడా పుస్తకంలో కాదనుకున్నా. అబ్బాయి రాగానే ఇచ్చి పంపేశా. గొడవకైనా మళ్ళీ వస్తాడు కదా." లేచి వచ్చి పుస్తకం అందుకున్నాడు. "ఇలా ఇవ్వండి, కొత్త అట్ట వేస్తాను."