నాలుగింటికి ఆగిపోయే నెట్

"యూజర్‌నేమ్ దగ్గర అడ్మిన్ అని కొట్టండి మేడమ్. పాస్‌వర్డ్ కూడా అడ్మినే," అంది ఫోన్లో కస్టమర్ కేర్ అమ్మాయి.

"రెండూ ఒకటేనా? గట్లయితే ఎవరైనా లోపలికి పోవచ్చు కదా!" అంది హిమజ.

"పోవచ్చు మేడమ్. ఎవరూ మార్చుకోరు."

హిమజ కొట్టింది. అంతకుముందే ఆ అమ్మాయి చెప్పిన అంకెలూ చుక్కలూ బ్రౌజర్లో పైన కొడితే ఈ పేజీ వచ్చింది. నెట్ రాకపోయినా రౌటర్ పేజీ మాత్రం వస్తుందని ఆమెకు ఇవాళే తెలిసింది.

"ఎడమ పక్కన యాక్సెస్ కంట్రోల్ అని ఉంటుంది. నొక్కండి."

నొక్కింది. నొక్కి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే బిగుసుకుపోయింది.

పేజీలో ఉన్నది ఒకే ఒక్క పేరు. హిమజ. పక్కన బ్లాక్ అని ఉంది. ఆ పక్కన టైము: రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా.

"లైన్లో ఉన్నారా మేడమ్? నెట్ బాగానే ఉంది. మీ ఇంట్లోనే ఎవరో మీ కంప్యూటర్‌ని ఆపారు."

మీ ఇంట్లోనే ఎవరో!

అల్వాల్లోని ఆ ఇంట్లో ఉన్నదే ముగ్గురు. అమ్మ పోయాక కింద తండ్రీ కూతుళ్లిద్దరే మిగిలారు. తండ్రి పేరు బ్రహ్మచారి, ఆయనకు బొల్లారంలో వడ్రంగి దుకాణం. టేకు దుంగను చూసి ఎన్ని తలుపులవుతాయో చెప్పగలడు గానీ కంప్యూటర్ ఆన్ చేయడం రాదు. కాబట్టి ఆయన కాదు.

మిగిలింది పైన గదిలో అద్దెకుంటున్న కన్నబాబు.

అనకాపల్లి నుంచి వచ్చి బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. హాల్లో టీవీ పైన రౌటర్ పెట్టింది అతనే. పెట్టిన రోజు నుంచి ప్రతి ఆదివారం "సిగ్నల్ బాగుందాండీ?" అంటూ కిందికి దిగేవాడు. సిగ్నల్ నిండుగా ఉన్నా హిమజ "జెర తక్కువున్నదండీ" అనేది. అతను రౌటర్‌ను అటో అంగుళం, ఇటో అంగుళం జరిపి, టీ తాగి వెళ్లేవాడు. ఇద్దరికీ అది అబద్ధమని తెలుసు. ఇద్దరూ ఆదివారం కోసం చూసేవాళ్లు.

ఆ మనిషి ఈ పని చేస్తాడా?

హిమజ మెట్లెక్కింది. వాన దంచి కొడుతోంది. కన్నబాబుకు ఇవాళ సెలవు, తలుపు తెరిచే ఉంది. లోపల గరిటె పట్టుకుని చారుకు పోపు పెడుతున్నాడు.

"ఏటండీ, తడిసిపోయారు?" అన్నాడు నవ్వుతూ.

"నా కంప్యూటర్‌కు నెట్ బంద్ చేసింది మీరేనా?"

గరిటె గాల్లోనే ఆగిపోయింది.

కాదను, ఒక్కసారి కాదను, అని మనసులోనే బతిమాలుకుంది హిమజ.

"నేనేనండీ," అన్నాడు.

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "ఎందుకు?"

"అది చెప్పలేనండీ."

"చెప్పలేరా? రెండు రోజులైంది, పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆటోల నెట్ సెంటర్‌కు ఉరుకుతున్న. నా నౌకరి పోయేటట్టున్నది, మీకు తెలుసా?"

"ఉద్యోగమా?" అతని మొహం పాలిపోయింది. "సాయంత్రం పూట మీరు చేసేది ఉద్యోగమాండీ?"

"మరేమనుకున్నరు?"

అతను స్టవ్ ఆపి, "ఇప్పుడే తీసీస్తానండీ" అంటూ లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాడు.

"అవసరం లేదు. లోపలికెట్ల పోవాల్నో నాకూ తెలిసింది. మీరు ఈ నెల కాంగనె రూమ్ ఖాళీ చేయండి."

దడదడ మెట్లు దిగింది. వాన నీళ్లకు తోడు కంటి నీళ్లు కూడా చెంపల మీదే కారుతున్నాయి.

కింద కూర్చుని తన పేరు తీసేసింది. అంతటితో ఆగితే బాగుండేది. కానీ కోపం ఆగనిచ్చేలా లేదు. ముందు పాస్‌వర్డ్ మార్చేసింది. తర్వాత, ఇక ఆ మనిషికి నెట్ దొరకకూడదని వెతికితే ఇంకోచోట 'ఈ లిస్టులో ఉన్నవాళ్లకే ప్రవేశం' అనే మాట కనిపించింది. భేష్ అనుకుని టిక్ పెట్టి సేవ్ కొట్టింది.

లిస్టులో ఒక్క పేరు కూడా లేదని ఆమెకు తట్టలేదు.

మరుక్షణం ఆమె కంప్యూటర్లో కూడా వైర్‌లెస్ గుర్తు ఆరిపోయింది. రౌటర్ పేజీ కూడా పోయింది. అందరినీ బయటికి తోసి తలుపేద్దామనుకుని, తనూ బయటే నిలబడి తలుపేసుకున్నట్టయింది.

"అయ్యో!" అని తల పట్టుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి మార్త మేడమ్.

హిమజది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు విని, ఇంట్లోనే టైపు చేసి, నెట్లో పంపాలి.

"హిమజా, ఆ ఆపరేషన్ రిపోర్టు ఆరింటికల్లా రావాలి. రెండు రోజుల్నుంచి లేటు చేస్తున్నావు. ఇవాళ కూడా రాకపోతే నేనింక పైవాళ్లకు చెప్పుకోలేను."

కిటికీలోంచి చూసింది. గల్లీ అంతా నీళ్లే. ఆటో మాట దేవుడెరుగు, మనిషే నడిచేలా లేదు. టేబుల్ మీద తల వాల్చి ఏడ్చేసింది.

వానకు దుకాణం తొందరగా మూసేసి వచ్చిన బ్రహ్మచారి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందీ బిడ్డా, ఏమైంది?"

"నెట్ బంద్ అయింది బాపూ."

ఆయన తల తుడుచుకుంటూ అటు తిరిగాడు. "అయితే కానీ బిడ్డా. నాలుగు దినాలు తక్లీఫ్ అనిపిస్తది, తర్వాత అలవాటైతది. ఎట్లైనా ఎనిమిదింటికి మళ్ల వస్తది కదా."

హిమజ తల ఎత్తింది.

"ఎనిమిదింటికి వస్తదని నీకెట్ల తెలుసు?"

బ్రహ్మచారి చేతిలోని తువ్వాలు కదల్లేదు.

"బాపూ, నిన్నే. నీకెట్ల తెలుసు?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నేనే చెయ్యమన్న బిడ్డా. సాయంత్రం కాంగనె చెవులకు గవి పెట్టుకుంటవు. ఒక్కదానివే నవ్వుతవు. మన పక్క దుకాణపాయన పర్వతాలు చెప్పిండు, గిట్లనే వాళ్ల చుట్టాల పిల్ల చాటింగ్ షురూ చేసి ఎవడితోనో పోయిందట. నాకు నిద్ర పట్టలే. మీ అమ్మ ఉంటే నిన్ను అడిగేది. నాకు అడగనీకి నోరు రాలే. కన్నబాబు కాళ్లావేళ్లా పడ్డ. నా పేరు చెప్పనని ఒట్టు పెట్టించుకున్న."

హిమజ నిర్ఘాంతపోయింది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. హెడ్‌ఫోన్స్ తీసి తండ్రి చెవులకు పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసింది.

బ్రహ్మచారి కళ్లు మూసుకుని విన్నాడు. ఎవరో ముసలాయన ఇంగ్లీషులో గొణుగుతున్నాడు. ఉన్నట్టుండి బ్రహ్మచారి ఉలిక్కిపడి లేచాడు.

"కుక్క!"

"ఆ డాక్టర్ ఇంట్ల కుక్కనే. మాట మధ్యల అది మొరుగుతది, ఆయన తిడతడు. మళ్ల ఆపరేషన్ సంగతి చెప్తడు. గందుకే నవ్వుత. అది విని రాసి పంపుడే నా నౌకరి బాపూ. పొద్దున రాసేది, సాయంత్రం మళ్ల విని సరిచూసి పంపేది."

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి మెల్లగా టేబుల్ మీద పెట్టాడు. పెద్ద తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు. "నీ నౌకరిని నేనే ఖరాబు చేసిన్నా బిడ్డా?"

"అడిగితే చెప్పకపోదునా బాపూ?"

ఆయన గుమ్మంలోకి వెళ్లి పైకి చూసి గట్టిగా కేకేశాడు. "కన్నబాబూ! జెర కిందికి రా! ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. బిడ్డకు అంతా చెప్పిన!"

కన్నబాబు తడిసిన చొక్కాతోనే వచ్చాడు. హిమజ వైపు చూడలేదు. తన లాప్‌టాప్‌ను ఒక వైరుతో రౌటర్‌కు కలిపి పాత పాస్‌వర్డ్ కొట్టాడు, పేజీ తెరుచుకోలేదు.

"కొత్త పాస్‌వర్డ్ ఏటి పెట్టారండీ?"

హిమజ నేల చూపులు చూసింది. "కోపంల పెట్టిన. ఒక తిట్టు."

"ఏ తిట్టండీ?"

"చెప్పను."

"చెప్పకపోతే లోపలికెలా వెళ్తామండీ?"

"దొంగమొహం," అంది చిన్నగా.

కన్నబాబు చెవులు ఎర్రబడ్డాయి. బుద్ధిగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. రాలేదు. "మొహంలో ఓ ఒకటా, రెండాండీ?"

"ఒకటే. ఏమో, ఏడ్చుకుంట కొట్టిన."

రెండు ఓలు పెట్టాడు. ఆఖర్న రెండు ఎమ్‌లు పెట్టాడు. అన్నీ పెద్దక్షరాల్లో కొట్టాడు. తనను తాను అన్ని రకాలుగా తిట్టుకున్నా పేజీ తెరుచుకోలేదు.

"రీసెట్ చేయడమేనండీ. వెనకాల చిన్న కన్నం ఉంది. సన్నటిదేదైనా కావాలి."

బ్రహ్మచారి జేబులోంచి సన్న మేకు తీశాడు. ఇంకో చెయ్యి సుత్తి కోసం వెతికింది. "కొట్టాల్నా?"

"బాబోయ్, కొట్టకండి! నొక్కి పట్టుకోవాలంతే."

నొక్కాడు. రౌటర్ మీద దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఆ తెల్ల డబ్బానే చూస్తున్నారు.

"మీ నాన్నగారు అడిగారు కాబట్టే చేశానని మీరనుకుంటారేమో," అన్నాడు కన్నబాబు, డబ్బా మీంచి చూపు తిప్పకుండా. "అది నిజం కాదండీ."

హిమజ అతని వైపు తిరిగింది.

"మీరు ఎవరితోనో మాట్లాడుతున్నారని ఆయన అన్నారండీ. ఆ మాట వినేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆయన అడగడం పూర్తవకముందే లాప్‌టాప్ తెరిచీసాను. మిమ్మల్ని ఒక్క మాట అడగాలి కదా, అదీ చేయలేదు. పెద్దాయన మాట అడ్డం పెట్టుకుని నా కుళ్లు తీర్చుకున్నాను. ఆయన తప్పేం లేదు, తప్పు నాదేనండీ."

"నీకెందుకయ్యా కుళ్లు?" అన్నాడు బ్రహ్మచారి అమాయకంగా.

కన్నబాబు ఓరగా హిమజను చూశాడు.

ఆయన కన్నబాబును చూశాడు. కూతుర్ని చూశాడు. మళ్లీ కన్నబాబును చూశాడు. చేతిలోని మేకు నేల మీద పడింది.

ఇన్ని ఆదివారాల్లో ఒక్కసారైనా చెప్పకుండా, ఇవాళ, బాపు ముందర, ఇట్లనా చెప్పేది! హిమజ రౌటర్ వైపు వేలు చూపింది.

"లైట్లు వచ్చినయ్."

కన్నబాబు గబగబా కూర్చున్నాడు. మళ్లీ అడ్మిన్, మళ్లీ అడ్మిన్. పేజీ తెరుచుకుంది. బ్రహ్మచారి పేరు మీదున్న కనెక్షన్ వివరాలు నింపాడు. కొత్త పాస్‌వర్డ్ అడిగే చోటికి రాగానే లేచి, లాప్‌టాప్ ఆమె వైపు జరిపి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"మీరే పెట్టుకోండి. నాకు చెప్పకండి. ఈ ఇంట్లో నెట్ ఎవరికివ్వాలో మీ ఇష్టం."

తడిసిన అతని వీపు చూస్తూ హిమజ నిదానంగా పాస్‌వర్డ్ కొట్టింది. తన కంప్యూటర్ దగ్గరికి వెళ్లి రిపోర్టు పంపింది. ఆకుపచ్చ గీత ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకేదాకా ఎవరూ కదల్లేదు. కాసేపటికి మార్త మేడమ్ మెసేజ్ వచ్చింది: అందింది, థాంక్స్.

"పోయింది బాపూ," అంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బ్రహ్మచారి ఇంకా ఆ షాకులోనే ఉన్నాడు. గొంతు సవరించుకుని, "కన్నబాబూ, మీ అమ్మ నంబర్ కలుపు," అన్నాడు.

"వద్దండీ, నేనే ఖాళీ చేసీస్తాను."

"కలపమన్న."

అనకాపల్లిలో అతని తల్లి అమ్మన్నమ్మ ఫోన్ ఎత్తింది. స్పీకర్లో ఆమె గొంతు హాలంతా నిండిపోయింది. "ఎవులు బాబూ?"

"నేను మీ వాడుండే ఇంటి ఓనర్‌ను. మీ కొడుకు మా బిడ్డ నెట్ బంద్ చేసిండమ్మా."

"దోమల నెట్టా బాబూ? సింపీసినాడేటి? కొత్తది కొనిస్తాడులెండి!"

"గది కాదమ్మా..." బ్రహ్మచారి పరేషాన్ అయిపోయాడు. ఇక చుట్టు తిప్పడం చేతగాక ఉన్న మాట అనేశాడు. "మీ వాడు మా హిమజను ఇష్టపడుతుండట. ఇప్పుడే నా ముంగట చెప్పిండు."

"సెప్పీసినాడా!" అంది అవతలి గొంతు. "హమ్మయ్య! పోన్ సేస్తే సాలు, హిమజ గారు ఇలాగన్నారు, హిమజ గారు అలాగ నవ్వినారు అంటాడు. ఆవిడికి సెప్పరా అంటే వణికిపోతాడు. ఇంతకీ బాబూ, ఆ పిల్లకి ఇష్టమేనేటి? అడిగినారా?"

బ్రహ్మచారి నాలుక కరుచుకున్నాడు. ఈసారి కూడా అడగలేదు. సిగ్గుపడి, ఫోన్ కూతురి చేతికిచ్చాడు.

హిమజ ఫోన్ పట్టుకుంది. గోడ దగ్గర కన్నబాబు ఊపిరి తీసుకోవడం మానేసినట్టు నిలబడి ఉన్నాడు.

"మీ వాడి మీద నా కోపం ఇంకా పోలేదు అత్తమ్మా," అంది.

అత్తమ్మా అన్నానని ఆమెకు అన్నాక తెలిసింది. బ్రహ్మచారికి, కన్నబాబుకు అంతకన్నా ముందే తెలిసింది.

"కోపం ఉండనీ తల్లీ, నాలుగు తిట్లు తిట్టు. ఇష్టమేనా?"

హిమజ తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ తలూపాడు, నీకేది అనిపిస్తే అదే చెప్పు బిడ్డా అన్నట్టు.

"ఇష్టమే," అంది.

కన్నబాబు గోడకు ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చున్నాడు.

"అయితే ఆ ఎదవకియ్యమ్మా పోను. నేను సూసుకుంటాను ఆడి సంగతి!"

హిమజ వంగి ఫోన్ అందించింది. అతను రెండు చేతులతో అందుకున్నాడు. అవతల తల్లి హలో హలో అంటున్నా పెదవి కదపలేక, ఆమె మొహమే చూస్తూ ఉండిపోయాడు.

"మాట్లాడండీ," అంది హిమజ నవ్వాపుకుంటూ. "మా అత్తమ్మ పిలుస్తున్నది."