మీ కోసం పూసిన పూలు

"మందారానికి ఎన్ని రేకులుంటాయండీ?"

ఆ అమ్మాయి మొట్టమొదట నాతో అన్న మాట ఇదే. మా అక్కకు ఆర్డరిచ్చి చేయించుకున్న స్టాంపును కౌంటరు మీద టక్కున పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

నేను రబ్బరు స్టాంపులు చేసేవాణ్ణి. డాక్టర్ల పేర్లు, ఆఫీసుల గుండ్రటి సీళ్ళు, 'స్వీకరించడమైనది' లాంటి చిరాకు మొహం మాటలు, ఇదే నా లోకం. అలాంటిది పొద్దున్నే కొట్టు తెరవగానే పూల మీద పరీక్ష పెడతారని కలలో కూడా అనుకోలేదు.

"ఐదనుకుంటానండీ," అన్నాను.

"మరి మీరు చెక్కినవి లెక్కపెట్టండి."

లెక్కపెట్టాను. నాలుగు. కంగారులో ఒకటి వదిలేశానేమోనని ఇంకోసారి లెక్కపెట్టాను. నాలుగే.

"ఐదోది వెనకాల ఉందండీ. ఇటు నుంచి కనపడదు," అన్నాను.

ఇలాంటి మాటలు నా నోట్లోంచి ఎలా వస్తాయో నాకే తెలియదు. ఆ అమ్మాయి నన్ను తేరిపార చూసింది. కోప్పడబోయి, ఎందుకో మూతి బిగించుకుంది. ఆ మూతి చివర కాస్త నవ్వు ఉందని నేను నమ్మాను. ఆ ఒక్క నమ్మకం మీద మూడు నెలలు బతికాను.

ఆ అమ్మాయి చేత్తో పూల గ్రీటింగు కార్డులు చేస్తుంది. మూడు నెలల్లో నా చేత తొమ్మిది పూలు చెక్కించింది. ప్రతి పువ్వుకీ ఏదో ఒక వంక పెట్టేది. "ఈ ఆకు చెంచాలా ఉందండీ." "ఈ మొగ్గ నిద్రపోతోందా?" వంకలు పెట్టించుకోవడం కోసమే నేను ఆకుల్ని కాస్త చెంచాల్లా చెక్కడం మొదలుపెట్టానని మా అక్క అంటుంది. కౌంటరు మా అక్కది, కత్తి నాది. ఆవిడ కళ్ళు మాత్రం రెండు చోట్లా ఉంటాయి.

ఒకరోజు కౌంటరు మీదే ముద్ర వేసి చూపించింది. ఇంకు ప్యాడు వాడలేదు. రంగు పెన్నులతో స్టాంపు మీదే రంగులు వేసింది, రేకుల మొదట్లో ముదురు ఎరుపు, అంచులకు లేత గులాబీ. తర్వాత స్టాంపును పెదాల దగ్గరికి తెచ్చుకుని మెల్లగా "హా" అని ఊదింది.

"ఇలా ఊదితే ఆరిన రంగు మళ్ళీ తడి అవుతుంది. అప్పుడు నొక్కితే రెండు రంగులూ కలిసిపోతాయి," అంది.

కాగితం మీద పువ్వు ఎలా పడిందో నేను చూడలేదు. పక్కన మా అక్క రెండు సార్లు దగ్గింది.

అసలు కథ దీని తర్వాతిది. ఆ అమ్మాయి చదివిన బడి హెడ్మిస్ట్రెస్ గారు రిటైరవుతున్నారు. పాత విద్యార్థులు నలభై కార్డులు అడిగారు. బయట పూలు, లోపల ఒకే ఒక్క వాక్యం: మీ కోసం పూసిన పూలు.

"అక్షరాలు కూడా చేత్తోనే చెక్కండి, మెషీన్ వద్దు," అంది. "ఈ ఒక్కటీ తప్పు లేకుండా చేసి పెట్టండి. ఆవిడ ఒకటో తరగతి పిల్లల్ని కూడా మీరు అనే పిలిచేవారు. క్లాసులో ఎవరైనా ఎవరినైనా నువ్వు అంటే, పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టేవారు. నా లెక్కల నోటు పుస్తకం నిండా పూలు చూసి కూడా తిట్టలేదు. 'మీరు బొమ్మలు మానకండి' అన్నారు. నాకు ఆ మాట అన్నది ఆవిడొక్కరే."

తప్పు లేకుండా చేస్తానని మాటిచ్చాను. రెండు రోజులు కూర్చుని చెక్కాను. సోమవారం వచ్చి తీసుకెళ్ళింది. ఆనవాయితీగా ఒక ముద్ర మా నమూనా పుస్తకంలో వేశాను గానీ, దాన్ని చదవలేదు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే కాగితం వైపు ఎవరు చూస్తారు?

బుధవారం పదకొండు గంటలకు మా అక్క ఎవరో డాక్టరు గారి సీలు కోసం ఆ పుస్తకం తిరగేసింది.

"ఒరేయ్ కంగారూ, ఈ పూల స్టాంపు ఎవరికోసం రా?"

మా ఇంట్లో నా అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. నా స్వభావం చూసి చిన్నప్పుడే కంగారూ అని ఖాయం చేశారు.

"మీ కోసం, అక్కా," అన్నాను, పనిలోంచి తల ఎత్తకుండా.

"నా కోసం పూలెందుకు రా? పైగా నన్ను మీరు అంటున్నావేంటి, జ్వరమా?"

"అబ్బ, స్టాంపు మీద మాట అది. మీ కోసం పూసిన పూలు."

"ఇక్కడ మీ అని లేదే. నీ అని ఉంది."

చేతిలో కత్తి కింద పడింది. వెళ్ళి చూశాను. నల్లటి ఇంకులో, ఎంతో అందంగా, నా చేత్తో నేనే చెక్కిన అక్షరం. నీ కోసం పూసిన పూలు.

స్టాంపు మీద అక్షరాలు తిరగేసి చెక్కాలి, నిజమే. అయినా పన్నెండేళ్ళుగా తిరగేసిన అక్షరాలే చదువుతున్నవాణ్ణి. నా కంట పడకుండా ఇది ఎలా జారిపోయింది? హెడ్మిస్ట్రెస్ గారి వీడ్కోలు సభ ఆ సాయంత్రం నాలుగింటికే. ఈపాటికి నలభై కార్డుల లోపలా ముద్ర పడిపోయి ఉంటుంది. ఒకటో తరగతి పిల్లల్నే మీరు అన్న మనిషికి, ఉద్యోగమంతా అయిపోయాక, నలభై మంది కలిసి నువ్వు అని కార్డులిస్తారు. వాళ్ళ మధ్య ఆ అమ్మాయి తల దించుకుని నిలబడుతుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి మా కొట్టు గడప తొక్కదు. ఎందుకు తొక్కాలి?

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. నాలుగు సార్లు చేశాను.

"నేను వెళ్తున్నా అక్కా," అంటూ కత్తి, నాలుగు రబ్బరు ముక్కలు, జిగురు సంచీలో వేసుకున్నాను.

"ఆగరా. నిజంగా పొరపాటేనా?"

"కాకపోతే కావాలని చెక్కుతానా?"

"ఏమో, నన్నడుగుతావేంటి? వెళ్ళు, వెళ్ళు. గొడుగు తీసుకో."

గొడుగు తీసుకోలేదు. బస్సు ఎక్కగానే చినుకులు మొదలయ్యాయి. ఆ బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ఎక్కేవాళ్ళు లేకపోయినా ఆగింది. డ్రైవరుకి నా మీద ఏదో పాత పగ ఉందనిపించింది. ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. క్షమించండి అనాలా? ముందు తప్పు చెప్పి తర్వాత క్షమించండి అనాలా? దిగే స్టాపు వచ్చేసరికి క్షమించండి అన్న మాటే మర్చిపోయాను.

బిల్లు పుస్తకంలోని చిరునామా పట్టుకుని వెళ్ళాను, వాళ్ళది మేడ మీద రెండు గదుల ఇల్లు. తలుపు తీసే ఉంది. ముందు గదిలో ఎక్కడ చూసినా కార్డులే. బల్ల మీద, మంచం మీద, ఫ్రిజ్ మీద, గోడకు కట్టిన తాడుకు క్లిప్పులతో. మూలన కుర్చీలో వాళ్ళ బామ్మగారు కవర్లకు జిగురు రాస్తున్నారు. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశారు.

"స్టాంపులు చేసే అబ్బాయినండీ," అన్నాను.

"ఓహో. నాలుగు రేకుల అబ్బాయివి నువ్వేనా? రా నాయనా, తడిసిపోయావు. అమ్మడూ, వచ్చాడే!"

వచ్చాడే అంటే ఏమిటో ఆలోచించే ఓపిక నాకు లేదు. లోపల్నుంచి ఆ అమ్మాయి వచ్చింది. ముడిలో కుంచె గుచ్చుకుని ఉంది. చెంప మీద ఆకుపచ్చ మరక. నన్ను చూడగానే మొహంలో రంగు మారింది.

"లోపల ముద్ర వేసేశారా?" అన్నాను ఊపిరి తీసుకోకుండా. "తప్పు జరిగిందండీ. నా తప్పే. మీ అని ఉండాల్సిన చోట నీ అని పడింది. ఇప్పుడే చూశాను. ఎలాగైనా సరిచేస్తాను, కత్తి కూడా తెచ్చాను..."

అంటూనే దగ్గర్లో ఉన్న కార్డు తెరిచాను. లోపల ఖాళీగా ఉంది. ఇంకోటి తెరిచాను. ఖాళీ. మంచం మీదవి చూశాను. అన్నీ తెల్లగా ఉన్నాయి. కిటికీ గట్టు మీద విడిగా ఒక కార్డు ఉంది. దాని మందారాలకు మిగతా వాటికంటే ఎక్కువ వన్నెలు దిద్ది ఉన్నాయి. దాని వైపు చెయ్యి చాచాను.

ఆ అమ్మాయి గబుక్కున దాని మీద చెయ్యి పెట్టేసింది.

"అది నలభైలోది కాదు."

"అయితే... వేయలేదా?"

"దాని లోపల వేసిన మొదటి ముద్రలోనే చూశాను. సోమవారమే. అందుకే మిగతావాటికి వేయలేదు, మధ్యాహ్నం చేత్తో రాసేద్దామనుకున్నాను."

"మరి నాకు చెప్పలేదేం? ఇవాళ నాలుగు సార్లు ఫోన్ చేశాను!"

"తెలుసు. మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను." తల దించుకుని వేలికంటిన రంగును రుద్దుకుంటోంది. "పొరపాటైతే మీరు పరుగెత్తుకుని వస్తారు. కావాలని చెక్కి ఉంటే నోరు మూసుకుని కూర్చుంటారు. సోమవారం రాలేదు. నిన్నా రాలేదు. ఆ కార్డుకు రంగులు వేస్తూ, మీరు రాకూడదని... ఇవాళ వచ్చారు."

బామ్మగారు ఇంకో కవరుకు జిగురు రాయడం మొదలుపెట్టారు.

"పొరపాటేనన్నమాట," అంది.

నలభై కార్డులూ క్షేమం. బస్సులో నేను మొక్కుకున్నదీ అదే. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, సంచీ పట్టీ నలుపుతూ నిలబడ్డాను. ఇప్పుడు అవును అంటే ఒక నష్టం, కాదు అంటే అబద్ధం.

"పొరపాటేనండీ," అన్నాను.

"సరే. ఆ మాట చెప్పడానికి వానలో ఇంత దూరం వచ్చారు. థాంక్స్." అటు తిరిగింది.

"ఆ పొరపాటు ఎందుకు జరిగిందో అడగరా?"

ఆగింది. తిరగలేదు.

"మీ కోసం అని చెక్కడానికే కూర్చున్నాను. కానీ చెక్కినంతసేపూ మీతో మాట్లాడుతూనే ఉన్నాను. పైకి కాదు. మనసులో. అక్కడ నేను మిమ్మల్ని మీరు అనను."

"మరి ఏమంటారు?"

"నువ్వు అంటాను," అన్నాను. చెప్పిన వెంటనే గోడకు జారబడ్డాను. "మూడు నెలలుగా. ఎందుకని అడగకు. అంటే, అడగకండి. నాకు మాటలు రావడం లేదు."

ఆ అమ్మాయి మెడ దగ్గర చిన్న ఎరుపు చెవి దాకా పాకింది.

"అమ్మడూ," అన్నారు బామ్మగారు కవరు మడుస్తూ, "అబ్బాయిని కూర్చోమను. గడియారం కూడా చూడు, పన్నెండున్నర."

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. కార్డులు నాలుగింటికి బడిలో ఉండాలి.

తర్వాత గంటన్నర నాకు సరిగా గుర్తు లేదు. స్టాంపు నుంచి 'నీ' ఒక్కటీ కోసి తీశాను. కొత్త రబ్బరు ముక్క మీద 'మీ' గీశాను. ఎదురుగా ఆ అమ్మాయి స్టాంపు దిమ్మ కదలకుండా పట్టుకుని కూర్చుంది. నా చేతి మీద ఆ అమ్మాయి ఊపిరి తగులుతోంది.

"తిరగేసి చెక్కుతున్నారా?"

"ఆఁ."

"గుడి దీర్ఘం పెట్టారా?"

"పెట్టానండీ."

"ఇంకోసారి చూడండి."

నేను మూడు సార్లు చూశాను, తను మూడు సార్లు చూసింది. బామ్మగారు భూతద్దం పెట్టి చూసి "మీ నే" అని తీర్పు చెప్పారు. అతికించాం. కోసిన 'నీ' ముక్కను చెత్తబుట్టలో పడేయబోయాను.

"పారేయకండి," అంది. ఆ ముక్కను తీసుకుని తన పెన్సిళ్ళ డబ్బాలో పెట్టుకుంది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తను ముద్ర వేస్తే నేను ఆరబెట్టాను. ఒకటి, రెండు, ఇరవై, నలభై. ఒక్కటీ చెదరలేదు. నా ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు. అసలు నేను ప్రశ్న అడిగానా? అడగలేదు. చెప్పానంతే. చెప్పినదానికి జవాబు ఉండాలని ఏముంది? మూడింటి దాకా ఇదే నా తలలో తిరిగింది.

కార్డులున్న పెట్టెను ప్లాస్టిక్ కాగితంలో చుట్టి బస్ స్టాపు దాకా మోసుకొచ్చాను. చినుకులు ఇంకా పడుతున్నాయి.

"నేను కూడా బడి దాకా రానా?"

"వద్దు. మీరు పక్కనుంటే నాకు చేతులు వణుకుతాయి."

అది మంచి మాటా, చెడ్డ మాటా? నేను తేల్చుకునేలోపు బస్సు వచ్చింది. ఆ అమ్మాయి ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కదలబోతుండగా అద్దం పక్కకు తోసింది.

"సాయంత్రం కొట్టు ఎన్నింటి దాకా తెరిచి ఉంచుతావు?"

"ఎనిమిదింటి దాకా ఉంటానండీ," అన్నాను.

బస్సు కదిలింది. కిటికీలోంచి నన్నే చూస్తోంది, మూతి బిగించుకుని కాదు, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ. ఆ నవ్వు చూశాక గానీ చెవిన పడిన మాట బుర్రకు ఎక్కలేదు. ఉంచుతారు అనలేదు. ఉంచుతావు అంది.

బస్సు వెంట పరుగెత్తాను.

"ఏమన్నారు? ఇప్పుడు ఏమన్నారు?"

"ముందు ఆ అండీ మానెయ్యి!" అని అరిచింది.

"ఎనిమిదింటి దాకా ఉంటాను!" అని నేనూ అరిచాను. చివర్లో అండీ అనకుండా ఒక్క వాక్యం ముగించడానికి ఎంత ఊపిరి కావాలో నాకు ఆ రోజే తెలిసింది.