మూత తుడవని సీసా

ముక్కుమామ్మ అత్తరు దుకాణంలో బేరాలుండవు, తీర్పులే ఉంటాయి. గుమ్మం ఎక్కిన మనిషిని ఆవిడ ఎగాదిగా చూసి, ఏ వాసన నప్పుతుందో చెబుతుంది. నచ్చితే కొనుక్కోవాలి, లేదంటే వచ్చిన దారినే పోవాలి. ఆ పేరు పెట్టింది వీధిలోవాళ్లే. ఎదురుగా పిలిచే మగాడు మాత్రం ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

ఆవిడకు చదువు రాదు. అందుకే సీసాలకు చీటీలుండవు, మెడలకు రంగు దారాలుంటాయి. ఎరుపు గులాబీ, పసుపు నిమ్మ, నలుపు ఊద్. నల్ల దారం సీసా ఒక్కటే ఉంది. గాజు మూతతో, బీరువా పై అరలో కూర్చుని ఉంటుంది.

"నీకా? ఊదా?" అనేది అడిగినవాళ్లను. "నీకంటే ముందు నీ నోరు వస్తుంది ఇంట్లోకి. నిమ్మ పట్టుకెళ్లు, చాలు."

ఊద్ పుట్టుకే వేరని ఆవిడ వాదన. గాయపడిన చెట్టు ఆ గాయం కప్పుకోవడానికి లోలోపల నల్లటి జిగురు ఊరించుకుంటుంది. ఏళ్ల తర్వాత ఆ చెక్కలోంచి తీసిన నూనె అది. దెబ్బ తిని పెదవి విప్పనివాళ్ల ఒంటి మీదే అది పరిమళం. ఇకిలించేవాళ్ల ఒంటి మీద తడిసిన గోనెసంచి కంపు.

ఇకిలించేవాళ్లంటే ఆవిడ మనసులో ఉన్నది ఒక్కతే. తోడికోడలు, మరిది పెళ్లాం. నవ్వొస్తే 'హుక్' మని ఊపిరి లోపలికి పీల్చి, ఎడమచేతి వెనకవైపు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ నవ్వేది. కాపురానికి వచ్చిన కొత్తలో, మామ్మ వంటింట్లో పేపరు చదువుతున్నట్టు నటిస్తుంటే చూసింది.

"అయ్యో అక్కా, తలకిందులుగా పట్టుకున్నావే!" అని అలాగే నవ్వింది.

అప్పుడు వంటింట్లో ఉన్నది వాళ్లిద్దరే. తోడికోడలు బయట ఎవరితోనూ అనలేదు. అయినా మామ్మ మరిచిపోలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ తోడికోడలు బీరువా ముందు నిలబడి "అక్కా, ఒక్క చుక్క" అంటూనే ఉంది. మామ్మ "నీకు నప్పదు" అంటూనే ఉంది.

ఎండాకాలంలో తోడికోడలు పోయింది. మరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఇప్పుడైనా ఒక్క చుక్క పెట్టు. చివరిదాకా అడిగింది పిచ్చిది."

నలుగురూ చూస్తున్నారు. కాదంటే బాగుండదు. మామ్మ సీసా పట్టుకెళ్లి, గాజు మూత కొనను ఆ చల్లటి మణికట్టుకు రాసి, చెవి దగ్గరకు వంగింది.

"ఇప్పటికి నోరు మూశావు. ఇప్పుడు నప్పుతుందిలే."

అంతలో ఎవరో ఏడుస్తూ మీద పడబోయారు. నూనె ఒలికిపోతుందని మామ్మ చప్పున మూత బిగించేసింది. తుడవకుండా.

ఒంటికి తగిలిన మూతను తుడవకుండా సీసాలో పెట్టకూడదు. ఆ ఒళ్లు నూనెలోకి దిగుతుంది. దిగిందంటే ఆ సీసా ఇక ఆ మనిషిదే. ఈ పాఠం కొడుక్కి, కోడలికి చీవాట్లు పెట్టి మరీ నేర్పింది మామ్మే. ఇంటికొచ్చాక తను చేసిన పని గుర్తొచ్చింది. పారబోయడానికి ప్రాణం ఒప్పలేదు.

"అదెంత, దాని ఒళ్లెంత! ఇంత ఊద్‌లో అదీ ఒక లెక్కేనా?" అనుకుని పై అరలో పెట్టేసింది.

వానలు పట్టాయి. ఒక సాయంత్రం దుకాణం వెనక గదిలో మనవరాలు కోర్టు కాగితాలు ముందేసుకుని కూర్చుంది. మర్నాడు మొదటిసారి సొంతంగా కేసు వాదించాలి. కొడుకూ కోడలూ ఊళ్లో లేరు. ఆ పిల్లంటే మామ్మకు పంచప్రాణాలు. అనవసరంగా మాట్లాడదు, అసలు నవ్వదు. అచ్చం తన పోలికే.

కరెంటు పోయింది. మామ్మ కొవ్వొత్తి వెలిగించి, నల్ల దారం సీసా దించింది.

"చెయ్యి ఇలా తే."

"ఇప్పుడెందుకు నానమ్మా?"

"ఊద్ రాత్రంతా ఒంట్లో నానాలి. రేపు నువ్వు లేచి నిలబడితే అవతలి ప్లీడరుకు నోట తడారిపోవాలి. ఈ ఇంట్లో ఇది నప్పేది నీకొక్కదానికే."

ఎవరికి పెట్టినా ముందు తన మణికట్టు మీద చూసుకోవడం మామ్మ అలవాటు. ఎడమ మణికట్టుకు రాసుకుంది. తర్వాత పిల్లకు రాసింది. ఈసారి మూత శుభ్రంగా తుడిచింది.

పొగ వాసన వచ్చింది. పాత చెక్క వాసన. ఆ అడుగున... తడిసిన గోనెసంచి. దాని అడుగున ఇంకేదో ఉంది. మూసిన గది. దుప్పటి కప్పిన మంచం. మామ్మ ముక్కు ఎన్నడూ తప్పు చెప్పలేదు. అది తోడికోడలు పోయిన రోజు గది వాసనే.

"కడుక్కో," అంది మామ్మ. "లే. వెంటనే కడుక్కో."

మనవరాలు లేవలేదు. తల వంచుకుని ఉంది. వాన చూరు మీంచి ధారగా పడుతోంది.

హుక్.

పిల్ల ఎడమచేయి మెల్లగా లేచి నోటికి అడ్డంగా ఆనింది. వెనకవైపు. రెండో చేయి కోర్టు కాగితం ఒకటి తీసి, తలకిందులుగా తిప్పి, మామ్మ ముందు పెట్టింది.

"చదువక్కా..."

అక్కా! ఈ ఇంట్లో తనను అలా పిలిచే మనిషి లేదు. లేకుండా పోయింది.

హుక్... హుక్...

భుజాలు ఎగురుతున్నాయి. ఊపిరి లోపలికే పోతోంది. బయటికి రావడం లేదు. పిల్ల పెదవులు నల్లబడుతున్నాయి. మామ్మ పిల్ల మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది... ఆ రోజులాగే.

"వదిలెయ్యి," గుసగుసగా అంది మామ్మ. "చిన్నపిల్ల... దానికేం తెలుసు?"

"నాకు నప్పిందా, అక్కా?"

మామ్మ పళ్లు బిగుసుకున్నాయి. నప్పనిది నప్పిందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. దొరలొచ్చి అడిగినా చెప్పలేదు. హుక్... పిల్ల కళ్లు తేలిపోతున్నాయి.

"...నప్పింది."

"వినపడలేదక్కా..."

"నప్పింది! నాకంటే బాగా నప్పిందే తల్లీ! వదిలెయ్యి!"

ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చింది. కొవ్వొత్తి రెపరెపలాడి నిలబడింది. పిల్ల దగ్గి, కళ్లు నులుముకుంది.

"కాగితం తిరగేశావేంటి నానమ్మా?"

మామ్మ మనవరాలి మణికట్టు సబ్బు పెట్టి ఎర్రబడేదాకా తోమింది. వాసన చూసింది. ఉత్త సబ్బు. సీసా పట్టుకెళ్లి, దొడ్లో వాననీళ్ల కాలువలో చివరి బొట్టు దాకా ఒంపేసింది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాక గుండె నెమ్మదించింది. గుండెతో పాటు పొగరూ తిరిగొచ్చింది.

"బతికినప్పుడు లేని బుర్ర చచ్చాక ఎక్కడి నుంచి వస్తుంది?" అనుకుంది. "ముష్టి మాట ఒకటి విసిరితే ఏరుకుని పోయింది. నప్పిందట, నప్పింది! గోనెసంచి మొహానికి..."

హుక్.

చాలా దగ్గర్లో వినపడింది. మామ్మ గిర్రున తిరిగి మనవరాలిని చూసింది. పిల్ల చేతులు రెండూ కాగితాల మీదే ఉన్నాయి. కళ్లు మాత్రం మామ్మ మీద ఉన్నాయి, రెప్ప వాల్చకుండా.

"నానమ్మా..." మెల్లగా అడిగింది. "ఎందుకు నవ్వుతున్నావు?"

నేనా, అనబోయింది మామ్మ. మాట బయటికి రాలేదు. అడ్డంగా ఏదో ఉంది, గోనెసంచి వాసనతో.

తన ఎడమచేయి... వెనకవైపు తిరిగి... తన నోటి మీదే ఉంది.