స్తంభాలన్నీ సమానమైన ఉదయం

అంగారకుడి మీది గాలిముసుగుల కర్మాగారంలో ఆ ఉదయం కూడా పని పారెటో పటంతోనే మొదలయింది. లోపాలను రకాలవారీగా లెక్కించి, ఎక్కువ నుంచి తక్కువకు స్తంభాలుగా నిలబెట్టే పటం అది. కొద్దిపాటి కారణాలే అధిక నష్టం తెస్తాయన్నది దాని సూత్రం. శార్వాణి కనిపెట్టిన 'మూలదర్శి' యంత్రం అక్కడితో ఆగదు. పొడవైన స్తంభం కిందికి తవ్వి మూలకారణం చెబుతుంది. ఆ స్తంభం ఏ విభాగానిదో, దాని అధిపతి సభలో అందరి ముందూ లేచి నిలబడాలి. ఈ ఆనవాయితీ కూడా శార్వాణి పెట్టినదే.

కొంతకాలంగా ఏ స్తంభమూ పొడవుగా లేదు. అయినా ముసుగుల్లోంచి గాలి కారుతూనే ఉంది. నిన్న గనిలో ఒకమ్మాయి ఊపిరాడక పడిపోయి, ఎలాగో తేరుకుంది. మధ్యాహ్నం మరో జట్టు అవే ముసుగులతో బయలుదేరాలి. పంపవచ్చో లేదో శార్వాణే చెప్పాలి.

ఆమె అతుకుల విభాగాధిపతి మస్తాన్‌ను పిలిపించి, పటంలో అతని స్తంభాల పేర్లు చదివింది.

"అంచు వదులు, అంచు ముడత, అంచు చీలిక... ఏమిటండీ ఇవన్నీ?"

"అన్నీ ఒకటేనమ్మా. అతుకు ఊడటం."

"మరి ఇన్ని పేర్లెందుకు?"

"ఒక్క పేరైతే స్తంభం పొడవై నేను నిలబడాలి గదా! బళ్లో గోడకుర్చీ వేయించినప్పుడు కూడా ఇంత సిగ్గెయ్యలేదు." నవ్వబోయి మానుకున్నాడు. "అన్ని విభాగాలూ ఇదే పని చేస్తున్నాయి. ఇవాళ్టి జట్టులో మా పెద్దమ్మాయుందమ్మా. పొద్దున్నుంచీ మెతుకు దిగలేదు."

"ముందే చెప్పొచ్చుగా!"

"ఎవరికి? నిలబెట్టేది మీరే గదా."

శార్వాణి యంత్రం వైపు తిరిగింది. "పేర్లు వదిలెయ్. ఒకే లోపమైనవన్నీ కలుపు."

స్తంభాలు ఒకదానిలో ఒకటి కలిసి, తెర పైఅంచును తాకాయి.

"జిగురు చలికి పగులుతోంది," అంది యంత్రం.

ఆమె వెంటనే జట్టును ఆపించింది. మస్తాన్ కూతురి దగ్గరికి పరుగెత్తాడు.

శార్వాణికి మాత్రం మనసు నిలవలేదు. "ఇన్నాళ్లూ ఇది దాగడానికి మూలం?"

"భయం."

"భయానికి?"

"నిలబెట్టే ఆనవాయితీ. దాన్ని పెట్టినవారు మీరు."

ఆమె పేరుతో కొత్త స్తంభం తెర మీద ఒంటరిగా లేచింది. కాసేపట్లో సభ. తప్పును వెతకడం వేరు, తప్పు చేసినవారిని వెతకడం వేరని ఆమె ఎన్నోసార్లు అనుకున్నదే. అందరి ముందూ తానే లేచి నిలబడాల్సి వచ్చేసరికి ఆ ఎరుక అక్కరకు రాలేదు. ద్వారం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఆ స్తంభాన్ని... కాస్త విడగొట్టు. శిక్షణ లోపమనీ, పాత అలవాటనీ, అలా."

"తప్పకుండా," అంది యంత్రం. "ఎన్ని ముక్కలు చెయ్యమంటారు?"